జామచెట్టుకి తెల్లదోమ: మందు కొట్టాలా, ఆగాలా?

దొడ్లో జామ:
మాది రావులపాలెం దగ్గర పల్లె. దొడ్లో ఒక్కటే జామచెట్టు, దాని నెత్తిన ఆరు కొబ్బరిచెట్లు. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచీ జామ ఆకుల అడుగున పిండి చల్లినట్టు తెల్లగా ఉంది, పైన నల్లటి మసి. చెట్టు కింద స్కూటర్ పెడితే సాయంత్రానికి సీటంతా జిగురు. ఆకు తిప్పి చూస్తే గుడ్లు చిన్న చిన్న చుట్టల ముగ్గులా ఉన్నాయి. మా బావగారు పురుగుమందు డబ్బా తెచ్చి వసారాలో పెట్టేశారు, ఆదివారం కొడతారట. మా అమ్మేమో "ఆ కాయలు పిల్లలు కడక్కుండా తింటారు, మందు కొడితే ఊరుకోను" అంటోంది. ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి. మీరేమంటారు?

లంక రైతు:
మీ బావగారు చెప్పిందే కరెక్టు. నాకు మూడెకరాల కౌలు, కొబ్బరిలో అంతరపంటగా అరటి. మొదటిసారి దోమ వచ్చినప్పుడు అందరూ "ఆగు, మిత్రపురుగులు చూసుకుంటాయి" అన్నారు. ఆగాను. అరటి గెలలు మసి పట్టి బేరగాడు ముఖం తిప్పుకున్నాడు. ఆగమన్నవాళ్లెవరూ నా కౌలు కట్టలేదు. దొడ్లో చెట్టుకైతే ఆగొచ్చేమో గానీ మీ దొడ్లో దోమ రేపు నా తోటకొస్తుంది, అది గుర్తుంచుకోండి.

అంబాజీపేట అల్లుడు:
లంక రైతు అన్నా, మీ నష్టం కాదనను. కానీ ముందు ఆ పురుగేమిటో చూద్దాం.

దాని పేరు సర్పిలాకార తెల్లదోమ. పుట్టిల్లు మధ్య అమెరికా. మన దేశంలో 2016లో పొల్లాచ్చి వైపు కొబ్బరి మీద కనిపించింది, అదే ఏడాది చివరికి మన కడియంలోనూ దిగింది. కొబ్బరి, జామ, అరటి, సపోటా, ఏదైనా దానికి ఒకటే. దాని వెంటే, ఎవరూ పనిగట్టుకుని తేకుండానే, ఎన్కార్సియా అనే బదనిక కూడా వచ్చింది, అంటే దోమ మీద పడి బతికే బుల్లి కందిరీగలాంటి మిత్రపురుగు. చీమ తలకాయంత కూడా ఉండదు. దోమపిల్లలో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలే తిని పెరిగి గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. మామూలుగా దోమే బయటికొస్తే ఆ డొల్ల వీపు ఇంగ్లిష్ టీ అక్షరంలా చీలుతుంది. ఒక ఆకు కోసి, భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి ఈ తేడా చూడండి. మందు కొట్టాలో వద్దో అదే చెబుతుంది.

ఇప్పుడు మందు సంగతి. దోమపిల్లలు మైనం కప్పుకుని ఆకు అడుగున ఉంటాయి. బదనిక ఆకు మీద బయటే తిరుగుతుంది. కొడితే ముందు పోయేదెవరు? పైగా మీరు కొట్టేది జామకి, దోమలున్నది దాని మీదున్న కొబ్బరి మట్టల్లో. జామ కడిగేసినా పైనుంచి మళ్లీ దిగుతాయి, ఈసారి ఆపడానికి బదనికలు ఉండవు.

బొప్పాయి పిండినల్లి గుర్తుందా? 2008లో కోయంబత్తూరులో బయటపడింది. మందులు కొట్టీ కొట్టీ విసిగాక 2010లో ప్యూర్టోరికో నుంచి దాని బదనికని తెప్పించి వదిలారు. ఆ తర్వాతే అదుపులోకి వచ్చింది.

కడియం మొక్క:
మా నర్సరీలో ఈ కబుర్లు నడవవండి. లారీ ఎక్కే మొక్క మీద ఒక్క తెల్లమచ్చ కనిపించినా కొనేవాడు లోడు దింపేయమంటాడు. అందుకే కొడతాం, దాచేదేముంది. అయితే మాది నిలబెట్టి అమ్మే సరుకు, తినే కాయ కాదు. జామ కాయ మీద ఉంటే మాత్రం నా చెయ్యి డబ్బా వైపు వెళ్లదు. ఎక్కడెక్కడికో దోమని మోసుకెళ్లింది మా మొక్కలే కదా అని ఎవరైనా అంటే, ఆయ్, అదీ ఒప్పుకుంటాను.

రొయ్యల చెరువు గట్టు:
ఎవరూ అడగలేదు గానీ చెబుతున్నా. గాలి వాటున మందు తుంపర మా చెరువులో పడితే రొయ్య తట్టుకోదు. పురుగుని చంపే మందు రొయ్యని వదులుతుందా? రెండూ దూరపు చుట్టాలే. కొట్టే ముందు పక్క చెరువువాళ్లకి ఒక ఫోన్ చెయ్యండి చాలు.

లంక రైతు:
సరే తమ్ముడూ, అన్నీ ఒప్పుకుంటా. మరి చెయ్యాల్సిందేమిటో చెప్పు. "ఆగు" అనేది పని కాదు.

అంబాజీపేట అల్లుడు:
ఆగమన్నాను గానీ ఊరికే కూర్చోమనలేదన్నా.

జామకి: మోటారు పైపు పెట్టి ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టాలి, నాలుగైదు రోజులకోసారి. సగం దోమ దానికే పోతుంది. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బుపొడి, సాయంత్రం పూట. మసికి గంజి పల్చగా చేసి చల్లండి, ఎండకి పొరలా లేచి మసిని లాక్కుని రాలుతుంది. మసి ఆకుని తినదు, దోమ వదిలిన తేనెలాంటి జిగురు మీద పెరుగుతుంది, అంతే. వెలుతురు ఆకుకి అందనివ్వదు కాబట్టి కడగాలి.

కొబ్బరికి: మా అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు చెప్పేదే నేనూ చెప్పేది. బదనికలున్న ఆకు ముక్కలు తెచ్చి, లేని చెట్ల మట్టలకి గుచ్చడం. దోమకి తెగులు పట్టించి చంపే ఐసేరియా అనే శిలీంధ్రం కూడా ఉంది, గాలిలో తేమ ఉన్నప్పుడు కొట్టాలి, ఎండలో కొడితే డబ్బు దండగ. వేరు ద్వారా మందు పట్టించడం గురించి అడుగుతారేమో, దానికి 45 రోజులు కాయ దింపకూడదు, బొండాలు తాగే ఇంట్లో ఆ లెక్క ఎవరు పెట్టుకుంటారు?

వానలు పడ్డాక దోమ తగ్గుతుంది. ఎండాకాలమే గండం.

లంక రైతు:
నీళ్లు కొట్టడం జామకి సరే. నలభై అడుగుల కొబ్బరికి నువ్వొచ్చి కొడతావా?

దొడ్లో జామ:
అందరికీ థాంక్స్. ఇవాళ పొద్దున్నే ఆకు కోసి చూశాను. మా అబ్బాయి సైన్సు ప్రాజెక్టు భూతద్దం పనికొచ్చింది. పది డొల్లలు లెక్కపెడితే మూడింటికి గుండ్రటి కన్నం, ఏడింటికి టీ చీలిక. బావగారికి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మూడే కదా" అన్నారు. డబ్బా మాత్రం అటక మీద పెట్టారు. మూడంటే తక్కువా, ఎక్కువా?

అంబాజీపేట అల్లుడు:
మందు పడని చెట్టుకి మొదట్లో మూడు మంచి లెక్కే. నీళ్లు కొడుతూ ఉండండి, పదిహేను రోజులకి అదే కొమ్మ నుంచి మళ్లీ పది తీయండి.

లంక రైతు:
ఆ లెక్క ఇక్కడ పెట్టు చెల్లెమ్మా. ఐదు దాటితే నా తోటకి ఆకు ముక్కలు నీ దగ్గరే తీసుకుంటా. దాటకపోతే అటక మీది డబ్బా దించమని మీ బావగారితో నేనే చెబుతా.