1/3 స్కేల్ కబ్‌కి పెట్రోల్ ఇంజన్: 55 సింగిలా, 60 ట్వినా? వణుకు ఏది తక్కువ?

బాల్సా పిచ్చి (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. మా బాబాయ్, నేను కలిసి రెండేళ్లుగా రిమోట్‌తో ఎగిరే పైపర్ జే-3 కబ్ మోడల్ విమానం కడుతున్నాం, 1/3 స్కేల్, అంటే అసలు దానిలో మూడో వంతు. అసలు విమానం రెక్కలు 35 అడుగుల 3 అంగుళాలు కాబట్టి మాది 141 అంగుళాలు వస్తుంది. బరువు 14 కేజీలు దాటకూడదని చూస్తున్నాం. ఇప్పుడు ఇంజన్ దగ్గర ఆగిపోయాం. మా పాత మోడల్‌లో 55 సీసీ సింగిల్ (ఒకే సిలిండర్ ఇంజన్) ఉంది, ఏ కంపెనీదో చెప్పను, పవర్‌కి ఢోకా లేదు కానీ ఐడిల్‌లో (కనిష్ట వేగంలో) పెడితే తోక తీగలు వీణ తీగల్లా వణికేవి, ఒక్క సీజన్‌లో ఎలివేటర్ సర్వోలు (తోక పలకని కదిపే చిన్న మోటార్లు) రెండు పోయాయి, మఫ్లర్ బోల్టులైతే లాక్‌టైట్ జిగురు వేసినా ఊడేవి. ఈ కబ్ మీద మళ్లీ అదే జరిగితే తట్టుకోలేను. ఫీల్డ్‌లో సగం మంది 60 సీసీ ట్విన్ (రెండు సిలిండర్లది) కొనమంటున్నారు, సగం మంది అనవసరం అంటున్నారు. నిజంగా స్మూత్‌గా నడిచేది ఏది?

ఎదురు సిలిండర్:
ఇందులో ఆలోచించడానికేం లేదు బ్రో, ట్విన్ కొను. బాక్సర్ ట్విన్‌లో, అంటే సిలిండర్లు ఎదురెదురుగా ఉండేదాంట్లో, రెండు పిస్టన్లూ చప్పట్లు కొట్టినట్టు ఒకేసారి లోపలికి, ఒకేసారి బయటికి కదులుతాయి, ఇటు లాగే బలాన్ని అటు లాగే బలం కొట్టేస్తుంది. సింగిల్‌లో ఆ పిస్టన్‌కి ఎదురు లేదు. క్రాంక్ మీద కౌంటర్ వెయిట్ పెడతారు కానీ అది మొత్తం ఊపుని తీసెయ్యదు, సిలిండర్ వైపు ఉన్న ఊపులో కొంత తగ్గించి దాన్ని పక్కవైపుకి తిప్పుతుంది, అంతే.
లెక్క కావాలంటే చూడు. డీఎల్ఈ-55 అనే సింగిల్‌నే తీసుకో, దాని స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 35 మి.మీ. అంటే క్రాంక్ వ్యాసార్థం 17.5. 7000 ఆర్‌పీఎంలో ఆ పిస్టన్ పైకి వెళ్లి తిరిగే చోట దాని మీద పడే త్వరణం భూమి ఆకర్షణకి 950 రెట్ల పైనే. పిస్టన్, పిన్ను, రింగు, ఒక్కో గ్రామూ దాదాపు కిలో బరువై లాగుతుందన్నమాట, సెకనుకి 117 సార్లు. నీ సర్వోలు ఎందుకు పోయాయో ఇప్పుడు అర్థమైందా.

పాత రన్‌వే (విజయవాడ):
తమ్ముడూ, పై లెక్క తప్పు కాదు, కానీ సగమే చెప్పాడు. టూ స్ట్రోక్ బాక్సర్‌లో రెండు సిలిండర్లకీ క్రాంక్‌కేస్ ఒకటే, అందుకే రెండు పిస్టన్లూ కలిసి కదలాలి, కలిసి కదులుతాయి కాబట్టి రెండు ప్లగ్గులూ ఒకేసారి కాలతాయి. అంటే ప్రాప్‌ని (ప్రొపెల్లర్‌ని) తిప్పే తన్ను చుట్టుకి ఒకటే, 60 సీసీ మొత్తం ఒక్క దెబ్బలో. సింగిల్‌లో కూడా అదే చుట్టుకి ఒకటే తన్ను. ప్రతి తన్నుకీ ప్రాప్ ఇటు తిరుగుతుంటే ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే ముందు పలక) అటు మెలి తిరుగుతుంది, ఆ మెలికని ట్విన్ ఏమీ తగ్గించదు.
ఇంకో మాట. ఆ 950 రెట్లు అన్నది 7000 దగ్గర. 1800 ఐడిల్‌కి వచ్చేసరికి స్పీడు నాలుగో వంతు అవుతుంది, బలం స్పీడు వర్గంతో పోతుంది కాబట్టి పదిహేనో వంతుకి పడిపోతుంది. మరి ఐడిల్‌లోనే నీ తోక ఎందుకంత ఊగింది? అది పిస్టన్ ఊపు కాదు, ఫైరింగ్ తన్ను. సెకనుకి 30 తన్నులు, ఆ లెక్క నీ తోక సహజంగా ఊగే లెక్కకి దగ్గరగా పడింది. ఊయలని సమయానికి తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తుకి పోతుందో తెలుసు కదా. అందుకే వంద ఆర్‌పీఎం అటో ఇటో మారిస్తే ఒక్కోసారి వణుకు మాయమైపోతుంది.

బాల్సా పిచ్చి:
సర్ ఇది ఎవరూ చెప్పలేదు నాకు. మీరన్నట్టే త్రాటిల్ ట్రిమ్ (రిమోట్ మీద ఐడిల్ వేగం సరిచేసే మీట) రెండు క్లిక్కులు పెంచితే తోక నిమ్మళించేది, కానీ అప్పుడు ల్యాండింగ్‌లో విమానం దిగేది కాదు, తేలుతూ పోయేది. ఇంతకీ ఏ ప్రాప్ వాడానో చెప్పలేదు, 22x8 కార్బన్ (22 అంగుళాల పొడవు, చుట్టుకి 8 అంగుళాలు ముందుకి పోయే వాలు), ఫీల్డ్‌లో ఒకరు తేలిగ్గా ఉంటుందని ఇచ్చారు.

పాత రన్‌వే (విజయవాడ):
అదిగో దొరికింది. ప్రాపే నీ ఫ్లైవీల్ తమ్ముడూ. తన్నుకీ తన్నుకీ మధ్య క్రాంక్‌ని తిప్పుతూ ఉండేది దాని బరువే. తేలికైన కార్బన్ ఏరోబాటిక్ విమానాలకి బంగారం, త్రాటిల్ వేస్తే వెంటనే పలుకుతుంది. కబ్‌కి అది దేనికి? 23x8 చెక్క ప్రాప్ వెయ్యి, ఐడిల్ ఎంత మారుతుందో చూడు. నేను ఇరవై ఏళ్లుగా జెనోవా జీ-62 నడుపుతున్నా, 62 సీసీ సింగిలే, ప్లగ్గుకి కరెంటు ఇచ్చే మాగ్నెటో కోసం లోపల బరువైన ఫ్లైవీల్ ఉంటుంది, ఐడిల్‌లో ట్రాక్టర్‌లా నింపాదిగా కొట్టుకుంటుంది. బరువెక్కువ అంటారు, నిజమే, కానీ కబ్ ముక్కు పొట్టి, బ్యాలెన్స్ కోసం ఎలాగూ ముందు సీసం కట్టాల్సిందే కదా, ఆ సీసం బదులు ఇంజనే ఉండనీ.

ఎదురు సిలిండర్:
ఐడిల్ సంగతి ఒప్పుకుంటా అన్నా, ప్రాప్ మాట కూడా కరెక్టే. కానీ మీ జీ-62 ఫుల్ త్రాటిల్‌లో ఏం చేస్తుందో చెప్పండి. ఫ్లైవీల్ ఎంత బరువున్నా పిస్టన్ ఊపుని ఆపలేదు. సర్వో లోపల స్థానం కొలిచే పొటెన్షియోమీటర్ మీద గీత పడేది, ట్యాంకులో పెట్రోల్ నురగ కట్టేది, బోల్టులు ఊడేది టేకాఫ్‌లో, ఐడిల్‌లో కాదు. ఇతని కష్టాల్లో తోక వణుకు ఒకటి, మిగతా రెండూ వేరే.

పాత రన్‌వే (విజయవాడ):
సర్వోల విషయంలో నీదే న్యాయం, కాదనను. నేను తోక దగ్గర సర్వోలు పెట్టను, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని స్పాంజ్‌లో చుడతా, అలా నెట్టుకొచ్చా. మఫ్లర్ బోల్టులు మాత్రం ప్రతి ఆదివారం బిగిస్తూనే ఉన్నా. కబ్‌ని అసలు ఫుల్ త్రాటిల్‌లో ఎంతసేపు ఎగరేస్తాం అన్నది కూడా చూడాలి, టేకాఫ్ అయ్యాక సగంలోనే తిరుగుతుంది.

డాలస్ బాబాయ్:
ఇక్కడ మా ఫీల్డ్‌లో రెండూ ఉన్నాయి, మూడోది కూడా ఉంది, ఫోర్ స్ట్రోక్ బాక్సర్. దాంట్లో కూడా పిస్టన్లు కలిసే కదులుతాయి కానీ ఒకటి ఒక చుట్టులో కాలితే రెండోది తర్వాతి చుట్టులో, బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్‌లాగ. చుట్టుకి ఒక తన్నే, కానీ సగం సైజు తన్ను. ఊపూ లేదు, మెలికా తక్కువ. శబ్దం వింటే కబ్‌కి ప్రాణం వచ్చినట్టుంటుంది, అసలు కబ్‌లో కాంటినెంటల్ ఏ-65 కూడా ఫ్లాట్ ఫోరే కదా, సిలిండర్ హెడ్లు కౌల్ (ఇంజన్ మూత) బయటికి కనిపిస్తూ ఉంటాయి. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ, వాల్వులు అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. ఆ డబ్బు ఉంటే ఇంకేం ఆలోచించొద్దు, లేకపోతే పై ఇద్దరి మాట వినండి.

నీడిల్ రాజా (వరంగల్):
ఇంజన్ మార్చే ముందు ఒకసారి పాతదాని కార్బొరేటర్ చూశావా అన్నా. లో నీడిల్ (ఐడిల్‌ల పెట్రోల్ కొలిచే స్క్రూ) లీన్ అయితే, అంటే పెట్రోల్ తక్కువ పోతే, ఐడిల్‌లో ఒక తన్ను పడి ఒకటి పడక కుంటుతది, దాన్నే మనం ఇంజన్ వైబ్రేషన్ అనుకుంటం. మన బంకుల్లో ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, ట్యాంకులో నెల రోజులు వదిలేస్తే వాల్బ్రో కార్బొరేటర్ లోపలి డయాఫ్రం (పల్చటి పొర) బిరుసెక్కుతది, ట్యూబులు గట్టిపడతయి, మొన్నటిదాక మంచిగున్న సెట్టింగ్ ఎటో పోతది. నేనైతే ఎగరేసిన సాయంత్రమే ట్యాంకు ఖాళీ చేసి ఇంజన్‌ని ఆరిపోయేదాక నడిపిస్త. ట్విన్ తీసుకుంటే ఇంకోటి గుర్తుపెట్టుకో, ఒక ప్లగ్ వదిలేసినా రెండోదాని మీద ఐడిల్ అవుతది, స్మూత్ మాట అట్లుంచు, టేకాఫ్‌ల సగం పవరే వస్తది. ఎగరేసే ముందు రెండు హెడ్లూ ఒక్కలాగే వేడెక్కినయా చూడాలె.

బాల్సా పిచ్చి:
అందరికీ థాంక్స్, నాకున్నవి రెండు వేర్వేరు జబ్బులని ఇప్పుడే తెలిసింది. డయాఫ్రం మూడేళ్లుగా మార్చలేదు, అది రేపే మారుస్తా. ఈ ఆదివారం పాత 55 కే 23x8 చెక్క ప్రాప్ వేసి ఐడిల్‌లో తోక చూస్తాం. తోక ఆగినా ఫుల్ త్రాటిల్ ఊపు పోదని ఎదురు సిలిండర్ బ్రో మాట పట్టుకున్నా, కబ్‌లో ఎలివేటర్ సర్వోలు తోకలో పెట్టాలని స్లాట్లు కూడా కోసేశాం, మళ్లీ కొయ్యలేను. కాబట్టి కబ్‌కి 60 ట్విన్, దానికీ చెక్క ప్రాపే. బాబాయ్ కూడా సరే అన్నాడు, హెడ్లు బయటికి కనిపిస్తాయని ఆయనకి ఆనందం.

పాత రన్‌వే (విజయవాడ):
మంచి నిర్ణయం తమ్ముడూ. చెక్క ప్రాప్‌ని బ్యాలెన్స్ చేసి వెయ్యి, తేలిక రెక్కకి వార్నిష్ పూస్తూ పో, బరువు రెక్కని గీకకు. రెక్కలే కాదు, మధ్య హబ్ కూడా ఏ వైపు వాలుతుందో చూడు. చెక్క బోల్టుల కింద నలుగుతుంది, మొదటి ఫ్లైట్ దిగగానే మళ్లీ బిగించు, తర్వాత కూడా ఫీల్డ్‌కి వెళ్లిన ప్రతిసారీ.



ఎదురు సిలిండర్:
ట్విన్‌ని రబ్బరు మౌంట్ మీద పెట్టకు బ్రో, నేరుగా ఫైర్‌వాల్‌కి బిగించు. ఆదివారం వీడియో పెట్టు, తోక దగ్గరనుంచి తియ్యి.