గోల్కొండలో గైడు లేకుండా పిల్లలతో ఆనవాళ్ల వేట: చేసినవారు చెప్పండి

మెహిదీపట్నం_వాసి:
వచ్చే నెల మా అక్కయ్యవాళ్లు పిల్లలతో బెంగళూరు నుంచి వస్తున్నారు. కిందటిసారి గోల్కొండ చూపిస్తే, పన్నెండేళ్ల పెద్దవాడికి మెట్లు తప్ప మరేమీ గుర్తులేదు. అందుకని ఈసారి చీటీల మీద పొడుపు కథలు రాసి, ఒక్కొక్క జవాబు తరువాతి చోటికి దారి చూపేలా ఒక ఆట తయారుచేయాలని అనుకుంటున్నాను. ఇలాంటిది చేసినవారు ఎక్కడ మొదలుపెట్టారో, ఏ ప్రశ్నలకు పిల్లలు నిజంగా ఆగి చూశారో తెలియజేయగలరు.

పంతులమ్మ_పాలమూరు:
మా బడి పిల్లలతో ఈ ఆట ఆడించాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. మొదటి నియమం, కోటలో మీరు ఏ వస్తువూ దాచకండి. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. గోడల సందుల్లో చీటీలు దోపడం తగదు. దాచవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే జవాబులన్నీ రాతిలోనూ సున్నంలోనూ ముందే ఉన్నాయి. చీటీలు మీ సంచిలోనే ఉంచుకొని, జవాబు చూపించినవారికి తరువాతిది ఇవ్వండి.

ఆటను టికెట్టు కౌంటరు దగ్గర కాక, ఊరిలోంచి వచ్చే దారిలో ఫతే దర్వాజా వద్దనే మొదలుపెట్టడం మంచిది. "పువ్వు పూయని ముళ్లు, ఏనుగు జంకే ముళ్లు" అని ఇస్తే, తలుపుకు కొట్టిన ఇనుప ముళ్లను పిల్లలు తామే కనుక్కుంటారు. తరువాత బాలాహిసార్ ద్వారం. అక్కడ పురి విప్పిన నెమళ్లు, సింహం వంటి యాళి రూపాలు తలెత్తి చూస్తేనే కనిపిస్తాయి. సుల్తానుల కోట వాకిట దేవాలయాల శిల్పరీతి ఎలా వచ్చిందని మా పిల్లలే అడిగారు. పాఠంలో నేను ఎంత చెప్పినా రాని ప్రశ్న అది.

లంగర్‌హౌస్_శ్రీను:
అమ్మా, మీరు చెప్పినదంతా బాగుంది. ఒక్క మాట చేర్చాలి. కోట లోపల "నిధి వేట" అని గట్టిగా అనకండి. గుప్తనిధుల కోసం పాత కోటలనూ గుళ్లనూ తవ్వేవారి గురించి మనం పత్రికల్లో చదువుతూనే ఉంటాము. చేతిలో పటం పట్టుకొని గోడలను తడుముతున్నవారిని చూస్తే కాపలాదారు రాకుండా ఎలా ఉంటాడు? ఇది పిల్లల ఆట అని ద్వారం దగ్గరే చెప్పి లోపలికి వెళ్లడం మేలు.

చప్పట్ల సంగతి మరిచిపోవద్దు. బాలాహిసార్ ద్వారం దాటగానే ఉన్న గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ కొనన ఉన్న బారాదరి (దర్బారు మంటపం) దగ్గర వినిపిస్తుందని అందరికీ తెలుసు, కానీ అందరూ కిందనే కొట్టి వెళ్లిపోతారు. పిల్లలను రెండు జట్లుగా చేసి, పెద్దవారి తోడుతో ఒక జట్టును ముందుగా పైకి పంపి, కింది జట్టు ఎన్ని చప్పట్లు కొట్టిందో పై జట్టు చెప్పాలని పెట్టండి. ఉదయం కోట తెరిచిన వెంటనే అయితేనే ఇది సాగుతుంది. జనం పెరిగాక ఎవరి చప్పట్లు ఎవరివో తెలియదు.

చరిత్ర_విద్యార్థి:
పైకి ఎక్కే దారిలో నేను సూచించే ఆనవాలు అంబర్‌ఖానా, అంటే ధాన్యాగారం. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1642లో, కట్టినట్లు చెప్పే పారశీక శాసనం అక్కడ ఉంది. కొండ మీద ఇంత పెద్ద ధాన్యాగారం ఎందుకని అడిగితే, జవాబు 1687 ముట్టడిలో దొరుకుతుంది: ఔరంగజేబు సైన్యం సుమారు ఎనిమిది నెలలు కోటను చుట్టుముట్టి కూడా బలంతో లోపలికి రాలేకపోయింది, చివరికి లోపలివారే ఒక ద్వారం తెరిచారు.

రామదాసు బందీఖానాను, అక్కన్న మాదన్నల కార్యాలయాలను ఒకే చిక్కుప్రశ్నగా కలపవచ్చు. తానీషా ప్రభుత్వంలో మంత్రిత్వం వహించిన అన్నదమ్ములు ఒకచోట, వారికి మేనల్లుడని సంప్రదాయం చెప్పే కంచర్ల గోపన్న మరొకచోట. చెరసాల గోడమీద గోపన్న చెక్కాడని చెప్పే దేవతారూపాలలో హనుమంతుణ్ణి వెదకమంటే చాలు, పిల్లలు అక్కడినుంచి కదలరు. గోల్కొండ వజ్రాలు కోటలో ఎక్కడ తవ్వారని ఒక తప్పుడు దారి ప్రశ్న కూడా వేయండి. వజ్రాలు దొరికినది కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనులలో. ఇక్కడ జరిగినది వ్యాపారం.

పంతులమ్మ_పాలమూరు:
చరిత్ర_విద్యార్థి గారూ, మీ ప్రశ్నలు మంచివే కానీ, పిల్లలు పైకి ఎక్కేటప్పుడు ఇంత చరిత్ర వినరు. కొండ సుమారు 120 మీటర్ల ఎత్తు, మెట్లు 300 పైచిలుకు. ఎక్కేటప్పుడు కంటితో చూసి చెప్పగలిగినవే అడగాలి. కథలు కావలసినవి బారాదరి నీడలో కూర్చున్నప్పుడు చెప్పి, దిగే దారిలో రాణీమహల్, తారామతి మసీదు వైపు మళ్లాలి.

నీటి సంగతి ఎవరూ రాయలేదు. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని నీటిచక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి ఎక్కిస్తూ, గోడలలో పొదిగిన మట్టి గొట్టాల ద్వారా మహళ్లకు పంపేవారు. విరిగిన గోడలలో ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. "గోడలో దాగిన కాలువ" అన్న చీటీకి జవాబు కనుక్కున్న పిల్లవాడు ఆ తరువాత ప్రతి గోడలోనూ గొట్టాలే వెదుకుతాడు, మీ మిగతా చీటీలు ఏమైనా సరే!

మెహిదీపట్నం_వాసి:
అందరికీ ధన్యవాదాలు. మొదట ఫతే దర్వాజా, తరువాత నెమళ్లు, రెండు జట్ల చప్పట్లు, ఎక్కే దారిలో శాసనం, హనుమంతుడు, దిగేటప్పుడు నీటి గొట్టాలు అని వరుస పెట్టుకున్నాను. వాళ్లు వచ్చేసరికి ఆషాఢం అవుతుంది, అది ఇబ్బందేమో చెప్పగలరా?

లంగర్‌హౌస్_శ్రీను:
ఆషాఢంలో ఆది, గురువారాలు వదిలేయండి. ఆ రోజుల్లో జగదాంబిక అమ్మవారికి బోనాలు, మెట్లన్నీ భక్తులతో నిండిపోతాయి. మిగతా రోజుల్లో వాన కురిసి ఉంటే దిగే దారిలో రాళ్లు జారతాయి కాబట్టి, మహళ్ల వైపు చీటీలను పరుగు పందెంగా పెట్టకండి. నీళ్లు మాత్రం కిందనుంచే మోసుకొని వెళ్లండి.