జావాలో వర్చువల్ థ్రెడ్లకు మారితే సింక్రనైజ్డ్‌లన్నీ తీసేయాలా?

గోదావరి కుర్రాడు: మా సర్వీసు జావా 21 మీద నడుస్తోంది. వర్చువల్ థ్రెడ్లకు (కొన్ని అసలు థ్రెడ్ల మీదే వేలకొద్దీ నడిచే తేలికపాటి థ్రెడ్లు) మారుతున్నాం. సింక్రనైజ్డ్ బ్లాకులన్నీ (ఒకేసారి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే కోడ్ భాగాలు) రీఎంట్రంట్‌లాక్ (అదే పనికి మనమే వేసి తీసే లాక్) చేయాల్సిందేనని టీమ్‌లో సగం మంది, అక్కర్లేదని మిగతావాళ్లు. మీరేమంటారు?

పాత జావా: మార్చేయండి. 21లో సింక్రనైజ్డ్ లోపల నెట్‌వర్క్ కాల్ కోసం ఆగిన వర్చువల్ థ్రెడ్, తనను మోస్తున్న అసలు థ్రెడ్‌ను వదలదు. మోసేవి మామూలుగా కోర్‌కి ఒకటే. 4 కోర్ల మెషీన్లో నాలుగూ అలా ఇరుక్కుంటే మిగతా రిక్వెస్టులన్నీ ఆగిపోతాయి. సీపీయూ మాత్రం ఖాళీగానే కనిపిస్తుంది.

రాత్రి బిల్డ్: ఆ గొడవ 2025 మార్చిలో వచ్చిన జావా 24తో తీరిపోయింది కదండీ. వెర్షన్ మారిస్తే పోయేదానికి ఇన్ని ఫైళ్లు కెలకడం దేనికి? రీఎంట్రంట్‌లాక్‌లో అన్‌లాక్‌ను ఫైనల్లీలో (ఎర్రర్ వచ్చినా తప్పక నడిచే భాగం) పెట్టడం ఒక్కచోట మరిచిపోయినా, ఎక్సెప్షన్ వచ్చిన రోజు లాక్ అలాగే ఉండిపోతుంది. సింక్రనైజ్డ్‌తో ఆ టెన్షన్ లేదు.

పాత జావా: వెర్షన్ మన చేతిలో ఉంటే కదా! పైగా టైమౌట్ పెట్టి ట్రైలాక్ చేసే (కాసేపు చూసి లాక్ దొరక్కపోతే వదిలేసే) వీలు సింక్రనైజ్డ్‌లో ఏది?

హైదరాబాద్ బ్యాకెండ్: లాక్ ఏదన్నది తర్వాత, ముందు దాని లోపల ఏముందో చూడండి. లాక్ పట్టుకుని పేమెంట్ గేట్‌వేని పిలుస్తున్నారనుకుందాం. అది 3 సెకన్లు తీసుకుంటే ఏ లాక్ అయినా వెనకున్నవాళ్లు 3 సెకన్లు ఆగాల్సిందే. 24లో బాగుపడింది థ్రెడ్ ఇరుక్కోవడమే, ఈ క్యూ కాదు. సర్వీసు రెండు పాడ్‌లలో (అంటే రెండు కాపీలుగా) నడిస్తే ఇంకో తంటా: ఈ రెండు లాకులూ ఒక్క జేవీఎం (ఒక కాపీని నడిపే జావా ప్రాసెస్) దాటి పనిచేయవు. టికెట్ల బుకింగే అనుకుంటే, చివరి సీటు ఇద్దరికి అమ్ముడుపోకుండా డేటాబేసే ఆపాలి. ‘ఖాళీగా ఉంటేనే’ అన్న షరతు అప్‌డేట్ క్వెరీలోనే పెట్టండి, ఎన్ని వరసలు మారాయో చూడండి. సున్నా వస్తే సీటు పోయినట్టే. ఇక మెమరీలోని కౌంటర్లు, చిన్న మ్యాపుల దగ్గర సింక్రనైజ్డ్ 21లో కూడా హాయిగా ఉంచుకోవచ్చు. అసలు ఎక్కడ ఇరుక్కుంటున్నాయో ఫ్లైట్ రికార్డర్‌లో (జావా నడుస్తుండగా జరిగేవి నమోదు చేసే టూల్) చూశారా? మామూలు సెట్టింగ్‌లో 20 మిల్లీసెకన్లు దాటినవన్నీ నమోదవుతాయి.

గోదావరి కుర్రాడు: చూశానండి. ఎక్కువ భాగం మా కోడ్‌లో కాదు, పాత జేడీబీసీ డ్రైవర్లో (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ).

రాత్రి బిల్డ్: మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే 42.6 డ్రైవర్లోనే సింక్రనైజ్డ్‌ల బదులు లాకులు పెట్టారు. కనీసం డ్రైవర్ మార్చనిస్తారా మీవాళ్లు?