ట్యాంకులో ఐప్టేజియా: సున్నం పెట్టి చంపాలా, రొయ్యల్ని వదలాలా?

కోనసీమ కుర్రోడు (అమలాపురం):
అందరికీ నమస్కారమండి. మాది 150 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, ఒక జత క్లౌన్ చేపలు, నాలుగైదు రకాల సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు). లైవ్ రాక్ (సూక్ష్మజీవులు కాపురమున్న ట్యాంకు రాయి) మీద లేత గోధుమ రంగులో, గాజులా కనపడే చిన్న చిన్న అనిమోన్లు (రాయికి అతుక్కుని పువ్వులా విచ్చుకునే సముద్ర జీవులు) పుట్టుకొచ్చాయి, ఐప్టేజియా అనే పీడ రకం అనుకుంటా. ఇప్పుడు రాయి వెనక్కీ పంపు గొట్టం లోపలికీ కూడా పాకేశాయి, వాటి పక్కనున్న జోవాలు (గుంపులుగా పెరిగే, పగడాలకి బంధువులైన జీవులు) ఆ వైపు విచ్చుకోవడమే మానేశాయి. షాపతను వీటిని తినేస్తాయని పెప్పర్‌మింట్ రొయ్యలు వెయ్యమంటున్నాడు. మా బావగారికి వనామీ చెరువులున్నాయి, ఆయనేమో "ఇంట్లో సున్నం పెట్టుకుని రొయ్యలు కొంటావేంట్రా" అని నవ్వుతున్నారు. ఏం చెయ్యమంటారు?

కాకినాడ రీఫర్:
ముందు అది ఏదో తేల్చుకో తమ్ముడూ, తర్వాత చంపుదువుగాని. సన్నటి పొడుగాటి కాడ, పైన వెడల్పాటి నోటి భాగం, దాని చుట్టూ కొసకి వచ్చేసరికి సూదిగా తేలిపోయే టెంటకిల్స్ (మేత పట్టుకునే తీగలు), ఒక పుల్ల దగ్గరికి తీసుకెళ్తే చటుక్కున రాతి సందులోకి ముడుచుకుపోవడం, ఇవన్నీ ఉంటే ఐప్టేజియా. పొట్టిగా రాయికి అతుక్కుని, టెంటకిల్స్ కొసలు ఉబ్బి, ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటే మజానో, అదీ ఇలాంటి పీడ అనిమోనే. ఈ మజానోని చూసి అందరూ కోరి పెంచుకునే బబుల్ టిప్ అనిమోన్ పిల్ల అని మురిసిపోయేవాళ్ళూ ఉన్నారు, అలా చెప్పి అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. ఈకల్లా చీలిన కిరీటం, కింద మెత్తటి గొట్టం కనపడితే మాత్రం అది ఫెదర్ డస్టర్, నీళ్ళు వడకట్టుకుని బతికే పురుగు, దాని జోలికి పోవద్దు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీది ఐప్టేజియానే. ఈ తేడా ఎందుకు అడిగానంటే ఐప్టేజియాని తినే రొయ్య మజానోని సాధారణంగా ముట్టుకోదు, డబ్బులు దండగ.

భీమవరం గట్టు:
బావగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టండి. కాకపోతే చెరువు సున్నం అంటే ఏ సున్నం? షెడ్డులో ఉండే బస్తాల్లో వ్యవసాయ సున్నం, డోలమైట్, నీరు కొట్టిన సున్నం అన్నీ ఉంటాయి. మొదటి రెండూ దీనికి పనికిరావు, వాటికి కాల్చే గుణం లేదు. నీరు కొట్టని కాల్చిన సున్నం ఉంటే అసలు తాకొద్దు, నీళ్ళు తగలగానే సలసలా కాగుతుంది. కావలసింది నీరు కొట్టిన సున్నమే, అదీ కల్తీ లేనిది, అక్వేరియం వాళ్ళు కాల్క్‌వాసర్ పేరుతో అమ్మేదీ అదే. ఆర్వో నీళ్ళతో చిక్కగా కలిపి, సిరంజిలోకి లాగి, పంపులన్నీ ఆపి, నోటి మీద నెమ్మదిగా పరవాలి. సిరంజి మొన తగిలితే ముడుచుకుపోతుంది, అప్పుడు ఇక ఆ రోజుకి వదిలెయ్యడమే. పెట్టాక ఓ పది పదిహేను నిమిషాలు నీళ్ళు కదలకూడదు.

ఒకేసారి అన్నిటికీ పెట్టొద్దు, పీహెచ్ ఎగిరిపోతుంది. చెరువులో తెల్లారగట్ల పీహెచ్ తక్కువ, మధ్యాహ్నానికి ఎక్కువ అన్న సంగతి ఇక్కడ చిన్నపిల్లాడికైనా తెలుసు, లైటు కింద కోరల్స్ ఉన్న ట్యాంకులోనూ అదే లెక్క. అందుకని పొద్దున్నే లైటు వెయ్యకముందు ఓ నాలుగైదు అనిమోన్లకి మాత్రమే పెట్టి, పీహెచ్ 8.5 దాటకుండా చూసుకుని, మిగతావి రెండు రోజులాగి. కళ్ళద్దాలు పెట్టుకోండి, చుక్క కంట్లో పడితే మామూలుగా ఉండదు.

పోటూపాటూ (నరసాపురం):
గట్టు గారూ, మీరు చెప్పింది కంటికి కనపడేవాటికి. పంపు గొట్టంలో ఉన్నవాటికి, రాయి అడుగున ఉన్నవాటికి సిరంజి ఎలా పెడతారండి? ఐప్టేజియా పాకుతూ పాకుతూ అడుగు భాగంలోంచి చిన్న ముక్కలు వదిలేస్తుంది, ఒక్కో ముక్కా ఒక్కో కొత్త అనిమోన్ అవుతుంది. మీరు ముందున్న నాలుగింటిని చంపేలోపు వెనక పది పుడతాయి. రొయ్య అయితే రాత్రిపూట సందుల్లోకి దూరి పిల్లల్ని ఏరుకు తింటుంది. నా ఓటు రొయ్యకే.

అయితే షాపులో అడగ్గానే ఇచ్చేది పెప్పర్‌మింట్ అవునో కాదో చూసుకోవాలి. అసలుది గాజులా ఉండి, ఒంటి పొడుగునా సన్నటి ఎర్ర గీతలు ఉంటాయి. వీపు మీద గూను, పెద్ద కళ్ళు, ఎరుపు తెలుపు గీతలు చుక్కలు కలిసి ఉంటే అది క్యామెల్ రొయ్య, ఐప్టేజియా వంక చూడదు, నీ జోవాల్ని మాత్రం శుభ్రంగా భోంచేస్తుంది. మన వైపు చాలాసార్లు దీన్నే పెప్పర్‌మింట్ అని చేతిలో పెడతారు.

రాజోలు రాజా:
ఎందుకండీ ఇంత గొడవ. రాయి బయటికి తీసి, చాకుతో గీకేసి, ఒక గిన్నెలో వేసి మరిగిస్తే సరి.

కాకినాడ రీఫర్:
రాజా, వద్దు, ఆ మాట వెనక్కి తీసుకో. గీకితే ఏమవుతుందో పైన నరసాపురం ఆయన చెప్పారు, ముక్క ముక్కా మొలుస్తుంది. మరిగించడం అంతకంటే ప్రమాదం. ఆ రాయి మీద జోవాలున్నాయి. జోవాల్లో, ముఖ్యంగా పాలితోవా రకంలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రకృతిలో దొరికే అతి భయంకరమైన విషాల్లో అదొకటి. వేడికి అది చావదు, ఆవిరితో పాటు ఇల్లంతా తిరుగుతుంది. ఇలా లైవ్ రాక్ మరగబెట్టి, ఇంట్లోవాళ్ళూ కుక్కలతో సహా ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో రికార్డయ్యాయి. వంటగదిలో ఆ పని చేశామంటే ఇక చెప్పేదేముంది. రాయి మీద వేడినీళ్ళు పొయ్యడం కూడా వద్దు. చేతికి గాయం ఉంటే గ్లౌజులు లేకుండా ఆ ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు.

రాజోలు రాజా:
అమ్మో. తీసుకున్నానండి వెనక్కి.

పాలకొల్లు పరిశీలకుడు:
నాది వేరే మాట. అసలు చంపాలని ఎందుకు? ఐప్టేజియా మీద ప్రపంచమంతా పరిశోధన జరుగుతోంది, పగడం లోపల ఉండే శైవలాలతో దాని బంధం ఎలా తెగిపోయి తెల్లబడుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో దీన్నే పెంచుతారు, 2015లో దీని జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) కూడా ప్రచురించారు. పగడం కంటే తేలిగ్గా బతుకుతుంది కాబట్టే. అలాంటి మొండి ప్రాణిని పూర్తిగా తీసెయ్యడం మన వల్ల కాదు. కోరల్స్‌కి దూరంగా ఉన్నవాటిని ఉండనిచ్చి, మేత తగ్గించుకుంటే వాటి సంఖ్య వాటంతటదే తగ్గుతుంది.

భీమవరం గట్టు:
ప్రయోగశాలలో వాళ్ళు విడిగా డబ్బాల్లో పెంచుకుంటారండీ, లక్ష రూపాయల కోరల్ పక్కన కాదు. మేత మాట మాత్రం ఒప్పుకుంటా. హేచరీ నుంచి తెచ్చిన ఆర్టిమియా (మేతగా వేసే బుల్లి రొయ్యలాంటి జీవులు) గుప్పెళ్ళతో పోస్తే చేప తినేదెంత, వీటి నోట్లోకి పోయేదెంత?

పోటూపాటూ (నరసాపురం):
మేత మాట వచ్చింది కాబట్టి, రొయ్యని వేశాక కూడా మేత బిగపట్టాలి. కడుపు నిండిన రొయ్య ఐప్టేజియా జోలికెళ్ళదు. పెద్దవాటిని కూడా అది ముట్టుకోదని ఒప్పుకుంటున్నా, అక్కడ గట్టు గారి సున్నమే. బెర్ఘియా అనే చిన్న సముద్రపు నత్త ఉంది, పెంకు ఉండదు, ఐప్టేజియా తప్ప ఇంకేమీ తినదు, నిజానికి మందంటే అదే. మేత అయిపోతే ఆకలితో చచ్చిపోతుంది, ట్యాంకులో ఇలాంటివాటిని తినే రాస్ చేపలుంటే అంతకుముందే పోతుంది. మన వైపు ఎవరైనా పెంచుతుంటే చెప్పండి, నేను కొంటాను.

భీమవరం గట్టు:
రొయ్యంటే నా భయం వేరేదండి, ట్యాంకు గురించి కాదు. తెల్లమచ్చ వైరస్ ఒక్క చెరువు రొయ్యకే రాదు, రకరకాల రొయ్యలకీ పీతలకీ అంటుకుంటుంది. 1994లో టైగర్ రొయ్యని అది ఎలా ఊడ్చేసిందో మా నాన్నగారి తరం చూసింది. ఎక్కణ్ణుంచో దిగుమతైన రొయ్యని ఇంట్లో పెట్టి, నీళ్ళు మార్చినప్పుడల్లా ఆ నీళ్ళు బోదెలోకి వదిలితే? ఆ బోదె నీళ్ళే ఎవరో ఒకరి చెరువులోకి ఎక్కుతాయి. కుర్రోడి బావగారికి ముందు ఆ సంగతి చెప్పాలి.

పోటూపాటూ (నరసాపురం):
ఒక్క బకెట్టు నీళ్ళకి చెరువులు పోతాయా అండీ, మరీ చెబుతున్నారు.

భీమవరం గట్టు:
పోతాయో పోవో పరీక్షించి చూసే ఓపిక చెరువున్నవాడికి ఉండదు. ఆయ్, పంట మీద ఎంత పెడతామో మీకు తెలీదా.

కాకినాడ రీఫర్:
ఇందులో నేను గట్టు గారి వైపే. రొయ్య ఒక్కటే కాదు, ఐప్టేజియా పట్టిన రాయిని కూడా ఉప్పుటేరులోనో సముద్రంలోనో పారెయ్యకూడదు. తనది కాని తీరాల్లో స్థిరపడిపోయిన చరిత్ర దానికుంది. అన్నట్టు ఆ రాయి ఎక్కడ కొన్నావు తమ్ముడూ? గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, చచ్చిన పగడం ముక్కని లైవ్ రాక్ అని అమ్మేవాళ్ళ దగ్గర కొంటే తర్వాత చిక్కు.

కోనసీమ కుర్రోడు (అమలాపురం):
రాయి ఫ్రెండు దగ్గర తీసుకున్నానండి, సిమెంటుతో చేసినదే, పగడం కాదు. పుల్ల పెట్టి చూశాను, చటుక్కున లోపలికి పోయింది, ఐప్టేజియానే. ముందు జోవాల పక్కన ఉన్న పెద్దవాటికి రేపు పొద్దున్న సున్నం పెడతాను. పంపు విప్పి వెనిగర్‌లో నానబెడతాను, అందులో కోరల్ ఏమీ లేదు కాబట్టి ఫర్వాలేదనుకుంటా. రొయ్య సంగతి మా బావగారితో మాట్లాడాకే. మార్చిన నీళ్ళు ఏం చెయ్యమంటారు గట్టు గారూ?

భీమవరం గట్టు:
డ్రమ్ములో పట్టి బ్లీచింగ్ కలిపి, ఒక రోజంతా మూత పెట్టి ఉంచి, బాత్రూమ్ తూములో పొయ్యండి. కొబ్బరి మొదట్లో వద్దు, ఉప్పు. సున్నం పెట్టాక పీహెచ్ ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.