వియన్నా వాల్ట్జ్‌లో రెండో దెబ్బ ఎంత ముందుకు రావాలి?

వాల్ట్జ్ అంటే మూడు దెబ్బల (బీట్ల) లయలో సాగే నాట్య సంగీతం. జోహాన్ స్ట్రాస్ జూనియర్ 1867 నాటి వాల్ట్జ్ బ్లూ డాన్యూబ్‌ను చిన్న తీగవాద్య బృందంతో వాయించేవాళ్ల సలహా కావాలి.

ప్రతి బార్‌లో (మూడు దెబ్బల ఆవృత్తంలో) బేస్‌ది, అంటే మంద్రస్వర తీగవాద్యానిది, మొదటి దెబ్బ. రెండో వయొలిన్లు, వయోలాలది రెండు, మూడు. వియన్నా పద్ధతిలో రెండోది కాస్త ముందే పడుతుంది, మూడోది తన చోటే ఉంటుంది. మూడోదాన్ని కూడా ముందుకు లాగితే బార్ కురచైపోయి లయ పరుగెడుతుంది. కంప్యూటర్ నొటేషన్ ప్లేబ్యాక్‌లో మూడూ సమానంగా పడి ఉత్త ఊం-చిక్-చిక్ మిగులుతుంది. వాల్ట్జ్ విసుగు అనేవాళ్లలో సగంమంది విన్నది ఇదేనని నా అనుమానం.

మిగతా సగం వాదన వేరు: అంతా పంచదార పాకం, పైగా ఐదు వాల్ట్జులు వరసగా కుట్టిన దండ అంటారు. దండ మాట నిజమే, కానీ నెమ్మదైన ఉపోద్ఘాతమూ పాత బాణీలు తిరిగొచ్చే కోడా (ముగింపు భాగం) కోసేస్తే ఆ కుట్లే కనిపిస్తాయి. తేలిక సరుకే అయితే ఆధునిక సంగీతకర్త షోన్‌బెర్గ్ అంతటివాడు 1925లో స్ట్రాస్‌దే అయిన ఎంపరర్ వాల్ట్జ్‌ను చిన్న బృందానికి ఎందుకు తిరగరాస్తాడు?

బాల్‌రూమ్ వేగం నిమిషానికి దాదాపు 60 బార్లు. ఆ వేగంలో రెండో దెబ్బను జరపడానికి చోటుంటుందా, లేక నెమ్మది భాగాలకే ఉంచాలా? మెట్రోనోమ్‌ను బార్‌కు ఒక్క క్లిక్ మీద పెట్టి సాధన చేయిస్తే సరిపోతుందా? రెండో వయొలిన్లు, వయోలాలు ఒకేసారి కదలాలంటే ఎవరిని చూసి వాయించాలి: బేస్‌నా, మొదటి వయొలిన్‌నా?