దీర్ఘశాంతము: ఓర్పేనా, వేరే మాటా?

సండేస్కూల్ టీచర్:
అందరికీ నమస్తే. వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు, వీబీఎస్‌కి ఈసారి బైబిల్లోని సామెతల గ్రంథం తీసుకున్నాం. రోజుకో కంఠత వాక్యం, దాని మీద ఒక కథ. ఒక రోజుకి 14:29 (14వ అధ్యాయం, 29వ వచనం) పెట్టాను: "దీర్ఘశాంతముగలవాడు మహా వివేకి, ముంగోపి మూర్ఖత్వమును బహుమానముగా పొందును." వాక్యం పిల్లలకి ఇట్టే వచ్చేసింది, అర్థం దగ్గరే చిక్కు. మూడో తరగతి పిల్ల ఒకతి "టీచర్, దీర్ఘశాంతం అంటే చాలాసేపు మాట్లాడకుండా కూర్చోవడమా?" అని అడిగింది. ఓర్పు అని చెప్పేస్తే సరిపోతుంది, కానీ కొలొస్సయులకు 1:11లో "ఓర్పును దీర్ఘశాంతమును" అని రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటే అయితే రెండు మాటలెందుకు? కొత్త అనువాదాల్లో సహనం అని వాడుతున్నారు. అదే ఇచ్చేయమంటారా? చర్చికి వెళ్లేవాళ్లే కాదు, భాష తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

పద్యాలపిచ్చి:
నేను చర్చి మనిషిని కాదు గానీ ఈ మాట మా పక్కింటి ప్రార్థనల్లో విన్నాను. శాంతం గురించి మనకు సుమతి పద్యం ఉండనే ఉంది: తన కోపమె తన శత్రువు, తన శాంతమె తనకు రక్ష. అక్కడ ఒట్టి శాంతంతోనే పని జరిగింది, ఇక్కడ ముందు దీర్ఘం ఎందుకు తగిలించారో అర్థం కాదు. దీర్ఘం అనగానే నాకు భారతం శాంతిపర్వంలో దీర్ఘసూత్రుడు గుర్తొస్తాడు. నీళ్లు తోడేస్తున్నా "చూద్దాంలే" అని కూర్చుని వలలో పడిన చేప. ఆలస్యం చేసేవాడికి మనవాళ్లు మంచి పేరేమీ పెట్టలేదు.

నెల్లూరు మాస్టారు:
టీచర్ గారూ, ఆ పాప అడిగినదాంట్లో సగం సరైనదే. దీర్ఘం అంటే ఇక్కడ కాలమే. ఏ కాలం అన్నదే తేలాలి.

సామెతల మూలభాష హీబ్రూలో ఈ మాట 'ఎరెక్ అప్పయిమ్'. 'అఫ్' అంటే ముక్కు, కోపానికీ అదే మాట. కోపం వస్తే ముక్కుపుటాలు అదురుతాయి, ఊపిరి వేడెక్కుతుంది, అందుకని. 'ఎరెక్' అంటే పొడుగు. అంటే బుస కొట్టడానికి చాలాసేపు పట్టేవాడు అన్నమాట. దీనికి ఎదురు మాట 14:17లో ఉంది, అక్కడ హీబ్రూలో ముక్కు పొట్టి. తెలుగులో "త్వరగా కోపపడువాడు" అన్నారు. మనకీ ఇదేం వింత కాదు, "వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది" అని రోజూ అనుకునేదే. మీరు ఎంచుకున్న 14:29లో ఎదురు మాట ఇంకోటి: 'కెత్సర్ రూఅఖ్', ఊపిరి పొట్టివాడు. దాన్ని తెలుగులో ముంగోపి అన్నారు, నాకు ఎంతో నచ్చిన మాట. మును, కోపము కలిస్తే ముంగోపము. ముంజేయి, ముంగాలు లాగే. విషయం వినకముందే కోపం ముందుకొచ్చి నిలబడేవాడు ముంగోపి.

కొత్త నిబంధన మూలభాష గ్రీకులోనూ ఇదే కట్టుబడి: 'మక్రోథుమియ'. మక్రో అంటే పొడుగు, థుమోస్ అంటే ఉద్రేకం, కోపం. అంటే రెండు భాషల్లోనూ పొడుగు అన్నది కోపానికే చెప్పారు. దీన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెస్తే ఏమవుతుంది? దీర్ఘకోపం, దీర్ఘరోషం. అలా అంటే తెలుగువాడు పగపట్టినవాణ్ణి అనుకుంటాడు. సంస్కృతంలో దీర్ఘరోషుడు అంటే కోపం ఎంతకీ పోనివాడే. అర్థం పూర్తిగా తిరగబడుతుంది. తెలుగు బైబిల్లో ఆ చిక్కు లేకుండా కోపం తీసేసి శాంతం పెట్టారు. కోపం వచ్చేలోపు ఉండే శాంతం ఎంతసేపు నిలుస్తుందో, ఆ నిడివిని చెప్పే మాట అయింది. నా మట్టుకు ఇది అనువాదంలో దొరికిన మంచి పరిష్కారం. సహనం అంటే ఆ నిడివి పోతుంది.

ఓర్పు సంగతి. కొలొస్సయుల పత్రికలో ఓర్పు అన్న చోట గ్రీకు మాట 'హుపొమొనె', బరువు కింద నిలబడి ఉండటం. జబ్బు, అప్పు, కరువు, హింస, వీటిని ఓర్చుకుంటాం. జబ్బు మీద తిరగబడి కొట్టలేం కదా. దీర్ఘశాంతం మనుషుల దగ్గర, అదీ తిరిగి కొట్టగలిగిన చోట. మత్తయి 18లో పదివేల తలాంతులు బాకీ ఉన్న దాసుడు "నాయెడల ఓర్చుకొనుము" అని రాజు కాళ్ల మీద పడతాడు. తెలుగులో ఓర్చుకొనుము అన్నారు గానీ గ్రీకులో అది మక్రోథుమియ మాటే. రాజు తలుచుకుంటే అమ్మించేయగలడు, అమ్మించలేదు, క్షమించి పంపేశాడు. బయటికొచ్చి అదే దాసుడు తనకు నూరు దేనారాలు బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకుంటాడు. అవతలివాడు అచ్చంగా అదే మాటతో బతిమాలతాడు, వీడు వినడు.

పద్యాలపిచ్చి:
మాస్టారూ, మరి దేవుడికి కూడా ఈ మాట వాడారా? విన్నట్టు గుర్తు.

నెల్లూరు మాస్టారు:
ముందు ఆయనకే. నిర్గమకాండము 34:6లో "కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా" అని ఉంది. జనం దూడను చేసుకుని మొక్కారు, మోషే మొదటి పలకలు పగలగొట్టాడు, రెండోసారి పలకలు చెక్కుకుని సీనాయి ఎక్కాడు. కోపానికి కావలసినంత కారణం ఉన్న చోట వచ్చిన మాట ఇది. సామెతల్లో మనిషిని దీర్ఘశాంతుడు అంటే, దేవుడి గుణాల్లో ఒకటి మనిషిలో కనిపిస్తోందని చెప్పడమే. చర్చిలో "దైవస్వభావం అలవరచుకోవాలి" అంటారే, దానికి సామెతలు చూపించే దారి ఇలాంటి చిన్న గుణాల మీదుగానే పోతుంది.

కీర్తన 103 కూడా చూడండి. 8వ వచనంలో "దీర్ఘశాంతుడు", వెంటనే 9లో "ఆయన నిత్యము కోపించువాడు కాడు". కోపం ఆలస్యంగా వస్తుంది, వచ్చినా ఎల్లకాలం ఉండదు. యోనా ప్రవక్తకి నచ్చనిది సరిగ్గా ఇదే. నీనెవె వాళ్ల మీదికి కీడు రాకుండా పోయిందని అలిగినప్పుడు (యోనా 4:2) అతను తప్పుపట్టిన దేవుడి గుణాల జాబితాలో హీబ్రూలో ఇదే మాట ఉంది.

డల్లాస్ నుంచి:
మా పిల్లలు ఇంగ్లిష్‌లో చదువుతారు కాబట్టి ఒక మాట. సామెతల్లో వాళ్లకి 'స్లో టు యాంగర్' అని ఉంటుంది, అర్థం సులువే. పాత కింగ్ జేమ్స్‌లో గలతీయులకు 5:22లో ఆత్మ ఫలం గుణాలు చెప్పే దగ్గర 'లాంగ్‌సఫరింగ్'. మా పెద్దవాడు అది చదివి "అయితే ఆత్మ ఫలం అంటే చాలాకాలం బాధపడటమా?" అన్నాడు. వాడికి తెలుగు బైబిల్లో దీర్ఘశాంతము చూపించాను, ఇది నయం అన్నాడు. తెలుగు నేర్పడానికి నాకు దొరికిన అరుదైన విజయం ఇది, అందుకే రాస్తున్నా.

కాకినాడ అమ్మాయి:
మాట బాగుంది, వాడకం మాట కూడా చెప్పుకోండి. మా వైపు ఈ వాక్యం చిన్నవాళ్ల నోరు మూయించడానికే ఎక్కువ పనికొస్తుంది. ఇంట్లో పెద్దాయనకి కోపం వస్తే అందరూ పక్కకి తప్పుకుంటారు, "ఆయన స్వభావం అంతే" అంటారు. దీర్ఘశాంతం మీద ప్రసంగం మాత్రం కోడళ్లకి. మాస్టారు చెప్పినట్టు ఇది కొట్టగలిగినవాడి గుణమైతే, కొట్టలేనివాళ్లకి ఎందుకు నేర్పుతున్నారు?

నెల్లూరు మాస్టారు:
అమ్మా, మీరు అడిగింది న్యాయం. జవాబు ఆ వాక్యాల్లోనే ఉంది, చదివేవాళ్లు దాటేస్తున్నారు. సామెతలు 16:32 చూడండి: "పరాక్రమశాలికంటె దీర్ఘశాంతముగలవాడు శ్రేష్ఠుడు, పట్టణము పట్టుకొనువానికంటె తన మనస్సును స్వాధీనపరచుకొనువాడు శ్రేష్ఠుడు." పోల్చింది వీరుడితో, ఊళ్లు పట్టుకునేవాడితో. చేతిలో కత్తి ఉన్నవాడికి చెప్పిన మాటను చేతిలో గరిటె ఉన్నవాళ్లకే వినిపిస్తే అది వాక్యం తప్పు కాదు.

"స్వభావం అంతే" అన్న సాకుకి కూడా సామెతల్లో చోటు లేదు. 19:11: "ఒకని సుబుద్ధి వానికి దీర్ఘశాంతము నిచ్చును." హీబ్రూలో ఇంకా సూటిగా, సుబుద్ధి అతని కోపాన్ని పొడవు చేస్తుంది అని క్రియగా ఉంది. అంటే ఇది పుట్టుకతో వచ్చే చల్లదనం కాదు, బుద్ధి పనిచేయగా వచ్చేది. 22:24లో "కోపచిత్తునితో సహవాసము చేయకుము" అని, ఆ వెంటనే వాడి దారులు నీకూ అబ్బుతాయేమో అని హెచ్చరిక. కోపం కూడా నేర్చుకునేదేనన్నమాట! రెండూ నేర్చుకునేవే అయితే పెద్దాయన కూడా నేర్చుకోవచ్చు.

నోరు మూసుకోవడం అంటారా, 25:15లో "దీర్ఘశాంతముచేత న్యాయాధిపతిని ఒప్పించవచ్చును". ఒప్పించాలంటే మాట్లాడాలి కదా. ఎఫెసీయులకు 4:26లో అయితే "కోపపడుడి గాని పాపము చేయకుడి, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని గడువు పెట్టారు. కోపమే వద్దనలేదు.

టీచర్ గారికి కథ కావాలంటే 1 సమూయేలు 25 ఉంది. కర్మెలులో నాబాలు గొర్రెల బొచ్చు కత్తిరించే పండగ చేసుకుంటున్నాడు. 3,000 గొర్రెలున్న ఆసామి. తన మందలకి కాపలాగా నిలిచిన దావీదు మనుషుల్ని అవమానించి పంపాడు. దావీదు 400 మందికి కత్తులు కట్టించి బయల్దేరాడు, ఆ ఇంట్లో ఒక్క మగవాణ్ణీ మిగల్చనని ఒట్టు. నాబాలు భార్య అబీగయీలు 200 రొట్టెలు, 2 ద్రాక్షారసపు తిత్తులు, 5 గొర్రెల మాంసం గాడిదల మీద వేయించి దారికి ఎదురెళ్లింది. ఆవిడ మాట్లాడిన తీరు చదవండి. భర్త మోటువాడని ఒప్పుకుంది, కారణం లేని రక్తపాతం రేపు నువ్వు రాజువైనప్పుడు నీ మనసుని పొడుస్తుందని దావీదు ముఖం మీదే చెప్పింది. కత్తి ఉన్నవాడికి ఆ రోజు దీర్ఘశాంతం అప్పుగా ఇచ్చింది ఆవిడే. అధ్యాయం మొదట్లో ఆవిడని పరిచయం చేస్తూ వాడిన మాట, 19:11లో సుబుద్ధి అన్న చోట ఉన్న మాట, హీబ్రూలో ఒకటే: 'సేఖెల్'. ఇంకో ముక్క నాకు బాగా నచ్చుతుంది. ఇంటికొచ్చేసరికి నాబాలు తాగి ఉన్నాడు. ఆ రాత్రి ఒక్క మాట కూడా చెప్పలేదు, తెల్లారాక, మత్తు దిగాక చెప్పింది.

కాకినాడ అమ్మాయి:
కోడళ్ల ప్రసంగంలో ఈ అధ్యాయం ఎప్పుడూ వినలేదండి. అడిగి చెప్పించుకుంటాను.

పద్యాలపిచ్చి:
నేను దీర్ఘసూత్రుణ్ణి తెచ్చి ఆలస్యాన్ని తిట్టాను కదా, అదే శాంతిపర్వంలో ఆలస్యాన్ని మెచ్చుకున్న కథా ఉంది. గౌతముడి కొడుకు చిరకారి. ఏదైనా చాలాసేపు ఆలోచించి గానీ చేయడు, అందరూ మందుడు అనేవాళ్లు. తండ్రి కోపంలో తల్లిని చంపమని చెప్పి అడవికి వెళ్లిపోయాడు. వీడు తండ్రి మాటా తల్లి ప్రాణమా అని తర్కించుకుంటూ కూర్చున్నాడు. ఈలోగా తండ్రికి కోపం దిగింది, ఏడుస్తూ వెనక్కి వచ్చేసరికి తల్లి బతికే ఉంది. కోపంలో, గర్వంలో, ద్రోహంలో, పాపం చేసేటప్పుడు ఆలస్యం చేసేవాణ్ణే మెచ్చుకోవాలని భీష్ముడు ధర్మరాజుకి చెప్తాడు. వల వచ్చినప్పుడు ఆలస్యం చేస్తే చస్తాం, కత్తి తీసేటప్పుడు ఆలస్యం చేస్తే బతికిస్తాం. మీ దీర్ఘశాంతానికి మా చిరకారి చుట్టమే అనిపిస్తోంది.

నెల్లూరు మాస్టారు:
దగ్గరి చుట్టమే. ఒక్క తేడా. చిరకారికి ఆ సమయంలో సందేహం ఉంది, కోపం లేదు. కోపం తండ్రిది. సామెతల్లోవాడికి కోపం తనదే, ఆలస్యమూ తనదే. అది ఇంకా కష్టం.

అడ్మిన్:
25:15లో "సాత్వికమైన నాలుక యెముకలను నలుగగొట్టును" చదివి, సాత్వికం అంటే ఉల్లి వెల్లుల్లి లేని భోజనం కదా అని ఇద్దరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. అది పెద్ద చర్చ, వేరే పోస్టు పెట్టండి. బైబిల్లో సమాధానము అంటే జవాబా శాంతా అన్నది కూడా అందులోనే కలపండి.

డల్లాస్ నుంచి:
ఒక సందేహం మాస్టారూ. యాకోబు 5:7లో రైతు తొలకరి వర్షం, కడవరి వర్షం పడేదాకా "ఓపికతో" కాచుకుంటాడని ఉంది. గ్రీకులో అక్కడా మక్రోథుమియ మాటే. మరి దీర్ఘశాంతము అనలేదేం? మీరు చెప్పిన తేడా అక్కడ నిలవలేదు కదా.

నెల్లూరు మాస్టారు:
మంచి పట్టు పట్టారు. అనువాదంలో అన్ని చోట్లా ఒకే మాట వాడలేదు, ఓర్చుకొనుము అన్న చోటు నేనే పైన చూపించాను. కానీ రైతు విషయంలో ఓపిక అనడమే నాకు సరైనదనిపిస్తుంది. వాన రాలేదని రైతు ఎవరి మీద కోపం ఆపుకోవాలి? అక్కడ ఉన్నది ఎదురుచూపు. నాలుగు వచనాల తర్వాత యోబు దగ్గర హుపొమొనెకి సహనము వాడారు. అదే పత్రికలో 1:19కి వస్తే కోపం సంగతి వచ్చింది, అక్కడ "కోపించుటకు నిదానించువాడు". నిదానించడం! పిల్లలకి ఈ మాట తెలుసు. టీచర్ గారూ, దీర్ఘశాంతము మార్చకండి, అర్థం చెప్పేటప్పుడు మాత్రం నిదానం వాడి చూడండి.

సండేస్కూల్ టీచర్:
అందరికీ థ్యాంక్స్. చిన్న తరగతికి 19:11 ఇచ్చి అబీగయీలు కథ చెప్తాను, గాడిదలు ఉన్నాయి కాబట్టి బొమ్మ వేయడానికీ బాగుంటుంది. 14:29 పెద్ద తరగతికి మార్చాను, ముంగోపిని బోర్డు మీద విడగొట్టి రాస్తాను. పేరెంట్స్ మీటింగులో 16:32 చదవమని పాస్టర్ గారిని అడిగాను, సరే అన్నారు.