‘అప్పిచ్చువాడు, వైద్యుడు’ పద్యంతో మానవ భూగోళం మొదటి క్లాసు

అప్పిచ్చువాడు వైద్యుడు
నెప్పుడు నెడతెగక బాఱు నేఱును ద్విజుడున్
జొప్పడిన యూర నుండుము
చొప్పడకున్నట్టి యూరు చొరకుము సుమతీ!

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు మానవ భూగోళ శాస్త్రం మొదలుపెట్టేటప్పుడు నేను నిర్వచనాలు రాయించను. ఈ పద్యం బోర్డు మీద రాస్తాను. చిన్నప్పుడే నోటికి వచ్చింది కాబట్టి క్లాసంతా నాతో పాటే చదివేస్తుంది. చొప్పడడం అంటే సమకూరడం, చొరడం అంటే లోపలికి వెళ్లడం (చొరబాటులో ఉన్నది ఆ మాటే), ద్విజుడు అంటే బ్రాహ్మణుడు. అర్థం అయిపోగానే అడుగుతాను: మనుషులు ఫలానా చోటే ఎందుకు ఊరు కట్టుకుంటారు? ఏడాదంతా చెప్పేది దీనికి జవాబే.

నాలుగింటిలో ఏరు ఒక్కటే ప్రకృతిది, మిగతా మూడూ మనుషులే. ఈ సంగతి నేను చెప్పను, పిల్లలే పట్టుకోవాలి. పట్టుకున్నాక వాదన దానంతట అదే లేస్తుంది. ఎడతెగక పారే ఏరు కోనసీమ వాళ్లకు సరే, కడప జిల్లా వాళ్ల మాటేమిటి? ఏరు లేని చోట ఊళ్లు లేకుండా పోలేదు, చెరువులు తవ్వుకున్నారు. ఆ కడప జిల్లాలోనే ఉన్న 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు వరసగా చెబుతుంది. గట్టి నేలతో పాటు నీటి శాస్త్రం తెలిసినవాణ్ణి, పనితనం ఉన్న మనుషుల్ని కూడా అందులో లెక్కపెట్టింది! ప్రకృతి మనిషిని నడిపిస్తుందా, ప్రకృతి ఇచ్చిన వాటిలో మనిషి తన దారి ఎంచుకుంటాడా అన్న చర్చకు పుస్తకాల్లో ఇద్దరు భూగోళ శాస్త్రవేత్తల పేర్లు ఉంటాయి: మొదటి వైపు జర్మనీకి చెందిన రాట్జెల్, రెండో వైపు ఫ్రాన్స్‌కు చెందిన విదాల్ ద లా బ్లాష్. చెరువు కట్ట మీద నుంచి మొదలుపెడితే ఆ పేర్లు పిల్లలకు బరువనిపించవు.

ఇక వైద్యుడు. ప్రతి ఊళ్లో ఎందుకు ఉండడు? మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అని ప్రభుత్వ లెక్క. ఒక సేవ నిలబడాలంటే దానికి చాలినంత మంది చుట్టుపక్కల ఉండాలి. 1933లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త క్రిస్టాలర్ దక్షిణ జర్మనీ పట్టణాలను చూసి చెప్పిన కేంద్ర స్థాన సిద్ధాంతానికి ఇదే పునాది. కిరాణా కొట్టు ఊరూరా ఉంటుంది, ఎమ్మారై స్కాన్ కోసం జిల్లా కేంద్రానికి బస్సెక్కాలి.

గ్రూపులో భూగోళం, సాంఘికం చెప్పేవాళ్లు ఇంకేం చెబుతారు?

వ్యాఖ్య: సార్, మాది పాలమూరు. అప్పిచ్చువాడు ఉన్న ఊళ్లో ఉండమన్నారు గానీ, మా దగ్గర అప్పే మనిషిని ఊరు దాటించింది. గుంపు మేస్త్రీ ముందే డబ్బు చేతిలో పెడతాడు, ఆ బాకీ తీరేదాకా ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి పోవాలి. నాగార్జునసాగర్ లాంటి ప్రాజెక్టుల్లో మట్టి మోసింది మా వాళ్లే. వలస పాఠంలో ఇది కూడా చెప్పండి.

వ్యాఖ్య: పద్యంలో ఉన్నది ‘ఊరు’ ఒక్కటే. ‘ఊరూ వాడా’ అని మనం రోజూ అనే మాటలో రెండోది ఏమైంది? వాడ ఊరికి ఎంత ఎడంగా ఉంది, నీళ్లు ఎక్కడ తెచ్చుకునేవాళ్లు, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇవి గీయించకుండా ఊరి పటం పూర్తి కాదండీ. ‘ద్విజుడు’ దగ్గర ఆగి, ఈ సలహా ఎవరు ఎవరికి ఇస్తున్నారని పిల్లల్ని అడగండి.

నా జవాబు: రెండూ చాలా విలువైన మాటలు. పాలమూరు సంగతి వలస పాఠానికి మొదటి ఉదాహరణగా పెడతాను. వాడ విషయం మా క్లాసులోనూ వస్తుంది, ఊరి పటం గీయించినప్పుడు ఎవరి ఇల్లు ఎక్కడో కళ్లకు కడుతుంది. అక్కడ కొందరు పిల్లలు గీయడం ఆపి మౌనంగా ఉండిపోతారు, వాళ్లను బలవంతంగా మాట్లాడించకూడదని నా గట్టి అభిప్రాయం. తెలియని ఊరి పటం ఒకటి ఇచ్చి మొదలుపెట్టడం మేలు.

మరొక్కటి కూడా చెప్పాలి. ‘ఉండుము, చొరకుము’ అన్నది ఊరు ఎంచుకునే వీలున్న వాళ్లకు. మన దేశంలో ఊరు మారిన ఆడవాళ్లలో ఎక్కువ మంది పెళ్లి వల్ల మారినవాళ్లేనని జనాభా లెక్కలు చెబుతాయి. అక్కడ అప్పిచ్చువాడు ఉన్నాడా, ఏరుందా అని వాళ్లను ఎవరు అడిగారు? అందుకే అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారో జిల్లా పటం మీద గీతలు గీసుకు రమ్మంటాను. గీతలు చాలావరకు పొట్టిగా, పక్క మండలాల దాకానే ఉంటాయి. దగ్గరి దూరాలకు కదిలేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువని 1885లో బ్రిటన్ జనాభా లెక్కలు చూసి భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టీన్ అన్నదాన్ని ఆ గీతల పక్కనే రాయిస్తాను. తర్వాతి క్లాసుకు వాళ్లే ఇంకో ప్రశ్న తెస్తారు: ఇంట్లో మగపిల్లలవి కూడా గీస్తే ఆ గీతలు హైదరాబాద్, బెంగళూరు, దుబాయి దాకా ఎందుకు సాగుతాయని.